గట్టు మీద వెంపలి

వ్యవసాయ విలేకరికి ప్రెస్ మీట్లు తక్కువ. కుర్చీ వేసి, టీ ఇచ్చి, చెప్పవలసింది కాగితం మీద టైపు చేసి చేతికిచ్చేవాళ్లంతా రాజకీయాల వైపు ఉంటారు. మన వైపు ఉండేది బస్టాండు, తర్వాత ఆటో, తర్వాత నడక. ప్రొద్దుటూరులో బస్సెక్కి జమ్మలమడుగులోనో పులివెందులలోనో దిగి, ఇంకో బస్సు కోసం నిలబడి, చివరికి పొలం చేరేసరికి మనం వెతుక్కుంటూ వచ్చిన మనిషి పెళ్లికి పోయి ఉంటాడు. నా ఉద్యోగమంతా దాదాపు ఇట్లాగే గడిచింది.

కొత్తగా ఈ పనిలో చేరినవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఫీల్డులో ఏం చూడాలి సార్ అని అడుగుతుంటారు. సూటిగా జవాబు చెప్పడం నాకు చేతకాదు. జరిగినదాంట్లో ఒకటి చెబుతాను. పత్రికలో అది సగమే వచ్చింది. ఆ సగం కూడా తప్పు ఫొటోతో వచ్చింది. మిగతా సగం రాయలేదు. రాయకపోవడం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పనిలో ఒంటరితనం ఎక్కువ. రైతుకు మనం పేపరాయన, అధికారికి రైతుల తరఫు మనిషి, ఆఫీసుకు ఎప్పుడూ ఊళ్లో లేనివాడు. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఆ రోజు కలిసిన వాళ్లంతా గుర్తుకొస్తారు. వాళ్లలో ఒక్కరికీ మనం గుర్తుండం. దానికి అలవాటు పడాలి.

మోటారు షెడ్డు దగ్గర

లింగాల దగ్గర ఓబులేసు అనే రైతుకు చీనీ తోట ఉంది. కోస్తావాళ్లు బత్తాయి అంటారు, మాకు చీనీ. ఆ ఏడు ధర ఎట్లుందో రాద్దామని వెళ్లాను. తోట పక్కన ప్రొద్దుతిరుగుడు వేశాడు, పూత మీదుంది. మోటారు షెడ్డు గోడకు సన్నటి వెదురు బొంగుల కట్ట ఒకటి వేలాడుతోంది. దానికి ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఒకామె కదలకుండా కూర్చుని ఉంది. నడివయసు దాటింది, తలకు తువ్వాలు చుట్టుకుంది.

"ఎవరప్పా ఆమె?" అని ఓబులేసును అడిగాను.

"ఈగల మేడమ్ సారూ. పొద్దన్నుంచి మాపటిదాంక ఆ బొంగుల్లోకి సూస్తాంటాది. మా ఇంటామె టీవీ గూడ అంతసేపు సూడదు."

షెడ్డులో నుంచి అతని భార్య నాగమ్మ అంది, "నువ్వు సూడనిస్తే గదా."

ఆమె పేరు సుభాషిణి. ఒక పరిశోధన కేంద్రంలో కీటకాల శాస్త్రవేత్త. గోదావరి వైపు మనిషి. పులివెందులలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉండేది. నేను పరిచయం చేసుకుంటే తల తిప్పకుండానే, "ఒక్క నిమిషం అండీ, వస్తోంది," అంది.

వచ్చింది ఒక ఈగ. తేనెటీగకన్నా కాస్త పొట్టిగా, బొద్దుగా ఉంది. కాళ్ల మధ్య ఆకుపచ్చటి ముక్క పట్టుకుని ఉంది. పక్క చేలోని కంది ఆకును కత్తెరతో కోసినట్టు గుండ్రంగా కోసుకొచ్చింది. దాన్ని చుట్టలా చుట్టుకుంటూ బొంగులోకి దూరిపోయింది.

పట్టు పెట్టే తేనెటీగలు మనకు తెలుసు. వాసాల్లో రంధ్రం చేసే నల్ల తుమ్మెద తెలుసు. ఇవి వేరు. వీటికి పట్టు లేదు, రాణి లేదు, పనివాళ్లు లేరు. ఒక్కో ఆడ ఈగ ఒంటరిగా బతుకుతుంది. బొంగులో ఆకులతో ఒక గిన్నె చేస్తుంది. పుప్పొడి తెచ్చి, కొంచెం మకరందంతో తడిపి, ముద్ద చేసి, దాని మీద ఒకే గుడ్డు పెట్టి మూసేస్తుంది. దాని ముందు ఇంకో గిన్నె కడుతుంది. బొంగు నిండేదాకా ఇదే పని. నిండాక మూతి మూసి వెళ్లిపోతుంది.

"పిల్ల బయటికొచ్చేసరికి తల్లి ఉండదండీ," అంది సుభాషిణి. "పిల్ల తల్లిని చూడదు. తల్లి పెట్టి వెళ్లిన ఆ ముద్దే దానికి అన్నం. పెరిగే వయసులో అది తినేదంతా అంతే. రెక్కలొచ్చాక ఎంత తిన్నా ఒళ్లు పెరగదు. ముద్ద బాగుంటే మంచి ఈగ. లేకుంటే చిన్న ఈగ, లేదా లోపలే పోతుంది."

ఆమె పనంతా ఆ ముద్ద గురించే. ఒక బొంగును బ్లేడుతో నిలువునా చీల్చి చూపించింది. ఆకు గిన్నెల్లో సున్నుండ ముక్కల్లాంటి ముద్దలున్నాయి. ఒక్కోదానిలో పసుపు చారలు, తెలుపు చారలు, అక్కడక్కడా ఇటుక రంగు. పసుపు ప్రొద్దుతిరుగుడుదట. మిగతావి ఆ గట్టు మీద పూసినవి. ఊదారంగు వెంపలి, తెల్లటి తుమ్మి, పచ్చ పూల పల్లేరు. మనం కలుపు అనేవన్నీ.

"ప్రొద్దుతిరుగుడు పుప్పొడి కుప్పలుగా దొరుకుతుంది. కానీ దాంట్లో బలం తక్కువ. మన పిల్లలకు మూడు పూటలా ఉత్త తెల్లన్నం పెట్టి కడుపు నిండింది కదా అంటే ఎలా ఉంటుంది చెప్పండి? గట్టు మీది పూలు పప్పు, కూర అనుకోండి. అవి ఉన్న తోటలో పిల్ల ఎలా ఉంటుంది, లేని తోటలో ఎలా ఉంటుంది, అదే నేను చూడాలి."

కలుపు లేని తోట కోసం ఆమె వెతకనక్కర్లేదు. చుట్టూ ఉన్న తోటలన్నీ అవే. కలుపున్న తోటే ఓబులేసును బతిమాలి సంపాదించుకుంది.

గడ్డి సాగు

అది ఎంత పెద్ద సాయమో బయటివాళ్లకు అర్థం కాదు. చీనీ తోటల సీమలో మనిషిని గట్టు చూసి కొలుస్తారు. గట్టు మీద గడ్డిపోచ లేకపోతే ఆయన రైతు. ఉంటే సోమరి, తాగుబోతు, లేదా ఇంట్లో గొడవలున్నవాడు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా తోట చుట్టూ ఒక చుట్టు తిరిగి పోవడం నేను చూశాను.

ఆ రోజే పక్క తోట గంగిరెడ్డి మోటారు సైకిలు ఆపి అరిచాడు. "ఏం ఓబులేసు మామా, ఈ యేడు గడ్డి సాగు జేస్తాండావా?"

"నీ బర్రెకు కావాలంటే జెప్పు, కోసకపోదువు."

"మా బర్రె గూడ తినదు మామా అది. పల్లేరు ముల్లు."

గంగిరెడ్డి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఓబులేసు కూడా నవ్వాడు కానీ, ఆ తర్వాత గట్టు వైపు చూడలేదు. "ఆయమ్మ అడిగె. కాదంటే బాగుండదు. ఒక్క పూతే గదా, అయినాక పీకేస్తా," అన్నాడు నాతో, నేను అడగకపోయినా.

డెస్కు

వార్త రాసి పంపాను. డెస్క్ ఇన్‌ఛార్జి ఫోన్ చేశాడు. మా వైపువాడే, నోరు దురుసు.

"ఏందప్పా ఇది. తేనె ఇయ్యదు, కుట్టదు, ఓటు లేదు. ఎవడు సదవాల దీన్ని?"

"కంది కాయ పట్టాలంటే పూల మీద అవి తిరగాల," అన్నాను.

"అట్లయితే కంది అని హెడ్డింగు పెడతా. ఈగను లోపల యాడన్నా దాస్తా."

అట్లాగే చేశాడు. వార్త మూడో వంతుకు తగ్గింది. మధ్యలో ఇంత పెద్ద తేనెపట్టు ఫొటో వేశారు, ఎవరి తేనెపట్టో తెలియదు. మరుసటి రోజు ప్రొద్దుటూరులో ఒక బట్టల వ్యాపారి ఫోన్ చేసి, లింగాలలో అసలైన తేనె ఏం రేటుకిస్తున్నారని అడిగాడు. ఆ ఈగలు తేనె పెట్టవని చెబితే, మరి ఎందుకు రాసినారు సామీ అన్నాడు.

సుభాషిణికి ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వింది. "పరవాలేదండీ. ఈగ అన్న మాట అయినా అచ్చయింది."

ఆ ఇన్‌ఛార్జి చెడ్డవాడు కాడు. అతని దగ్గర వాక్యం కుదించడం నేర్చుకున్నాను. పాఠకుడికి ఏం కావాలో అతనికి బాగా తెలుసు. కొత్తది పెడితే పాఠకుడు అది కూడా తింటాడన్న ఆలోచన మాత్రం లేదు. రోజూ ఒకటే వడ్డించి, జనం ఇదే అడుగుతున్నారు అనేవాళ్లు మీకూ తగులుతారు. వాళ్లతో గొడవ పడకండి. మళ్లీ రాసి పంపండి.

పెద్దసారు రాక

ఇంకో పది రోజులకు సుభాషిణి నుంచి ఫోన్ వచ్చింది. ఆమె పనికి అనుమతి ఆ సీజనుతో అయిపోతోంది. ఈగల పని ఒక్క పూతతో తేలదు, కనీసం ఇంకో ఏడాది కావాలి. ఇవ్వాలో వద్దో చూడటానికి పై అధికారి తోటకు వస్తున్నాడు. "మీరు కూడా ఉంటే బాగుంటుందండీ. ఆయన పేపరు వాళ్లకు కాస్త విలువిస్తారు," అంది. తన కోసం ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

ఆ ఉదయం పులివెందులలో కలిసి ఆటోలో వెళ్లాం. ఆయనకు చూపించే లెక్కలు రాసుకుంటూ మూడు రోజులుగా ఆమె తోటకు పోలేదట. దారంతా ఆమె ఆయనకు ఏం చూపించాలో తనలో తాను చెప్పుకుంటూ వచ్చింది. ముందు గట్టు, తర్వాత పూల మీద ఈగ, తర్వాత బొంగు, తర్వాత ముద్ద. ఆ వరసలో చూస్తే ఎవరికైనా అర్థమవుతుందని ఆమె నమ్మకం.

ఆటో తోట మలుపు తిరిగింది.

గట్టు మాడిన రొట్టె రంగులో ఉంది. వెంపలి లేదు, తుమ్మి లేదు. ఉన్న కాస్త కాడలూ వాలిపోయి, పైన గడ్డి మందు వాసన ఇంకా తెలుస్తోంది. దారికి రెండు వైపులా సున్నం గీతలు వేశారు. షామియానా కింద కుర్చీలు, మజ్జిగ బిందె, ఒక శాలువా. ఓబులేసు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఎదురొచ్చాడు. అంత సంతోషంగా అతన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

"ఎట్లుండాది మేడమ్? మొన్ననే కొట్టిచ్చినా. పెద్దసారు కాలికి ముల్లు గూడ తగలదు. ఆయప్ప వస్తాంటే గట్టు అట్లా పెట్టుకుంటే మీకు మాట రాదా? ఏం రైతును పట్టుకున్యావమ్మా అనడూ?"

గంగిరెడ్డి కూడా వచ్చి ఉన్నాడు. "ఇప్పుడు గదా మామా, తోట తోట మాదిరి ఉండాది," అన్నాడు. ఈసారి ఎగతాళి లేదు.

సుభాషిణి గట్టు వైపు చూసింది. తువ్వాలు విప్పి, మళ్లీ చుట్టుకుంది.

"చాలా శుభ్రంగా ఉందండీ," అంది.

అధికారి వచ్చాడు, మజ్జిగ తాగాడు, చీనీ చెట్లు బాగున్నాయన్నాడు. బొంగుల కట్ట దగ్గర కాసేపు నిలబడ్డాడు. "ఏవో పూలు చూపిస్తానన్నారు కదమ్మా?"

"తీసేశారండీ."

ఎవరు తీశారని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు. "మరి ఇక్కడ చూడటానికేముంది?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలియక. శాలువా కప్పించుకుని, చీనీ కాయల సంచి కారులో పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఓబులేసు కారు కనబడకుండా పోయేదాకా చెయ్యి ఊపాడు.

తిరుగు ఆటోలో అడిగాను. "అతనికి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా?"

"ఏం చెప్పమంటారు? ఆయన నాకు మర్యాద చేశారు."

రెండు కట్టలు

పూలు పోయినా ఈగలు పోలేదు. ప్రొద్దుతిరుగుడు పూత ఇంకా ఉంది. తల్లులు దాని మీదికే పోయి, ఆ పుప్పొడే తెచ్చి గిన్నెలు నింపాయి. సుభాషిణి స్టూలు మీద కూర్చోవడం మానలేదు. మందు కొట్టక ముందు నిండిన బొంగులను ఒక కట్టగా, తర్వాత నిండినవాటిని ఇంకో కట్టగా కట్టి తన గదికి తీసుకుపోయింది.

పిల్లలు బయటికొచ్చే రోజుల్లో రమ్మని పిలిచింది. ఆ గదిలో మంచం, స్టవ్వు, పురుగుల పెట్టెలు తప్ప వేరే ఏమీ లేవు. కిటికీ దగ్గర జాలీ డబ్బాలు రెండు. మొదటిదాంట్లో ఈగలు బలంగా జాలీకి కొట్టుకుంటున్నాయి. రెండోదాంట్లో ఉన్నవి చూడగానే తెలిసిపోతోంది, చిన్నవి. కొన్ని రెక్క సరిగ్గా విప్పలేక అడుగున తిరుగుతున్నాయి. ఇంకా తెరుచుకోని గిన్నెలను ఆమె ఒక్కొక్కటే విప్పింది. లోపల ఎండిన పిల్లలు. ముద్ద కొంచెం మిగిలే ఉంది, ఒకటే పసుపు.

నా చెయ్యి జేబులోని పెన్ను మీదికి పోయింది. హెడ్డింగు కూడా తట్టింది.

"రాయకండి," అంది ఆమె.

"కళ్ల ముందే ఉంది కదా మేడమ్."

"ఏముంది? చిన్నవయ్యాయి, చచ్చిపోయాయి. ఆకలి వల్లా, మందు వల్లా? రెండూ ఒకే రోజు జరిగాయి. నాకు తెలియదు. ఆకలే అని నాకు అనిపిస్తోంది. అనిపించింది రాయకూడదండీ. మందు లేకుండా, అదే గట్టు మీద, ఇంకో పూత చూడాలి. అప్పుడు రాయండి."

ఆ ఇంకో పూత ఆమెకు దొరకలేదు. తేనె పెట్టెల పనికి బదిలీ చేశారు, రాష్ట్రం ఆ చివరికి. పులివెందుల బస్టాండులో సామాను ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలి. తేనె ఇచ్చే ఈగల దగ్గరికి పోతున్నారు, ఇక మా డెస్కువాళ్లు మొదటి పేజీలో వేస్తారన్నాను. నవ్వింది. బస్సు కదిలింది.

నేను రాయలేదు. రాసి ఉంటే పేరొచ్చేది, ఎవరూ కాదనేవాళ్లు కూడా కారు. తెలిసినదానికీ అనిపించినదానికీ మధ్య ఆమె గీసిన గీత ఇంత వరకు నాకు ఏ ఎడిటరూ గీసి చూపించలేదు. కొత్తవాళ్లకు నేను చెప్పగలిగింది ఉంటే ఇదొక్కటే. దాని వల్ల మీకు ఏ లాభమూ రాదని కూడా చెబుతున్నాను.

పని లేకుండా వెళ్లిన రోజు

ఆ మరుసటి ఏడు రిటైరయ్యాక ఫోన్ మోగడం తగ్గిపోయింది. పొద్దున ప్రొద్దుటూరు వీధుల్లో నడిచి, పేపరు చదివి, మధ్యాహ్నం అయ్యేసరికి ఇంకేం చేయాలో తెలియదు. ఒక రోజు అలవాటు కొద్దీ బస్సెక్కాను. రాయవలసింది ఏమీ లేకుండా పొలానికి పోవడం అదే మొదటిసారి.

ఓబులేసు తోటలో మళ్లీ ప్రొద్దుతిరుగుడు పూసింది. దాని పక్కన గట్టు మోకాలెత్తున ఉంది. వెంపలి ఊదారంగులో విరగబూసింది, కింద తుమ్మి, దారిలోకి పాకిన పల్లేరు. చుట్టుపక్కల తోటలన్నీ నున్నగా ఉంటే, అదొక్కటి తల దువ్వని మనిషిలా ఉంది.

నాగమ్మ నీళ్లిచ్చింది. "ఆ పొద్దే నాకు అనుమానమొచ్చె సారూ, ఆయమ్మ మొగం సూసి. ఈయనకు జెప్తే, మర్యాద జేస్తే సంతోషపడక ఏడుస్తారా అన్యాడు."

ఓబులేసు గట్టు మీద కూర్చున్నాడు. "ఆయమ్మ ఊరిడిసి పోయే ముందు పొద్దు వచ్చినాది. మిగిలిన బొంగులిప్పుకునె, మాకు జెప్పె, పాయ. పోతా పోతా ఈడ వంగి, ఎండిపోయిన వెంపలి కాడ ఒకటి పీక్కోని సంచిలో ఏసుకునె. అప్పుడు తెలిసె నాకు. ఒక్క మాటన్నా అనలే సారూ ఆయమ్మ. తిట్టింటే బాగుండు."

వెంపలి కొమ్మను వంచి చూపిస్తూ అన్నాడు, "మందు కొట్టలే. ఎవురినీ కొట్టనియ్యలే. గంగిరెడ్డి శానా మాటలంటాండాడు, అననీ. ఈ పూతకు వస్తాది గదా మేడమ్?"

నాకు జవాబు తెలుసు. ఫోన్ తీసి ఆమెకు కలిపి, అతని చేతికిచ్చాను.

"మేడమ్, నేను, లింగాల ఓబులేసు. గట్టు ఉండాది మేడమ్. మందు కొట్టలే."

అవతల నుంచి ఏం వచ్చిందో నాకు వినబడలేదు. అతను చెవికి గట్టిగా అదుముకుని నిలబడ్డాడు. తర్వాత, "ఆ... పూసింది... పల్లేరు గూడ... సరే మేడమ్, సరే," అని ఫోన్ తిరిగిచ్చాడు.

"ఏమనె?" అంది నాగమ్మ.

"ముల్లు గుచ్చుకుంటాది, చెప్పులేసుకోని నడువు అనె."

"వస్తానన్యాదా?"

"అడగలే."

అతను నీళ్లు పెట్టడానికి చెట్ల వైపు వెళ్లాడు. మోటారు షెడ్డు దగ్గర ప్లాస్టిక్ స్టూలు అట్లాగే ఉంది. గోడకు కొత్త బొంగుల కట్ట ఒకటి వేలాడుతోంది. ఓబులేసే కట్టినట్టున్నాడు, ముడి మొరటుగా ఉంది. నేను స్టూలు మీద కూర్చున్నాను. కొంతసేపటికి ఒక ఈగ వచ్చి బొంగు మూతి మీద వాలింది. ఈ రకం పుప్పొడిని కాళ్లకు కాదు, కడుపు కింద మోస్తుందని ఆమె చెప్పింది గుర్తుంది. దీని కడుపు కిందా ఉంది. ఒక రంగా, రెండు రంగులా అని ముందుకు వంగి చూశాను. నా కళ్లకు ఆనలేదు. అది లోపలికి పోయింది.